చెవితో చెప్పిన జవాబు

మాస్టర్ గారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసింది. ఉదయం తొమ్మిదింటికి, నేను ల్యాబ్‌కు బయలుదేరుతున్నాను. ఏడుస్తూనే ఉంది కానీ, మధ్యలో ఆగి ముక్కు చీదుకుని ఒక సంగతి మాత్రం స్పష్టంగా చెప్పింది. వచ్చింది గుండెపోటు, నిద్రలోనే పోయారు. తాను పోయేది క్యాన్సర్‌తో కాకపోతే ఆ మాట అందరికీ చెప్పాలని ఆయన ఎప్పుడో ఆమె చేత ఒట్టు వేయించుకున్నారట.

"క్యాన్సర్‌తోని పోయిండని ఎవ్వరన్న అంటే ఊకోకు అన్నడు మేడమ్. గందుకే ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్తున్న" అంది.

ఫోన్ పెట్టేసి ఏడుద్దామని కూర్చున్నాను. నవ్వొచ్చింది. ఆ తర్వాతే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనతో పరిచయమైన ఐదేళ్లలో ప్రతి విషయమూ నాకు ఇదే వరసలో జరిగింది.

మాలో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు, అందుకే ఇక్కడా రాయడం లేదు. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్లు దాటాక రెండు షట్టర్ల దుకాణం ఆయనది. పెళ్లిళ్ల బ్యాండు. లోపలి గోడకు బంగారు రంగు జరీ కుట్టిన ఎర్ర కోట్లు వరసగా వేలాడుతుండేవి. ముప్పై ఏళ్లపాటు ఆ కోటు వేసుకుని క్లారినెట్ వాయిస్తూ బరాత్ ఊరేగింపుల ముందు నడిచిన మనిషి. పెద్దపేగులో క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేశారు, నెలల తరబడి మందు ఎక్కించారు, బతికారు. బతికి ఇంటికొచ్చి క్లారినెట్ చేతిలోకి తీసుకుంటే వేళ్ల కొసలకు స్పర్శ లేదు. క్లారినెట్ రంధ్రాలను వేలి కొసతో మూయాలి. మూసుకుందో లేదో వేలికి తెలియాలి. తెలియకపోతే ఊదిన గాలి పక్కనుంచి పోయి వాయిద్యం కీచుమంటుంది.

నా ఉద్యోగం సరిగ్గా ఆ వేళ్ల గురించే. క్యాన్సర్ మందుల్లో కొన్ని నరాల కొసలను ఎలా దెబ్బతీస్తాయి, ఆ దెబ్బను ముందుగా ఎలా పట్టుకోవచ్చు అన్నది మా పరిశోధన. ఏళ్లుగా చేస్తున్నాను. ఆయన్ని కలిసేదాకా ఆ మందు వాడిన మనిషితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడింది లేదు. కణాలు తెలుసు, ఎలుకలు తెలుసు, ఆసుపత్రి నుంచి నంబర్లతో వచ్చే ఫారాలు తెలుసు.

క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లనూ, రోగుల తరఫున తిరిగే కార్యకర్తలనూ, మమ్మల్నీ ఒకచోట కూర్చోబెట్టాలన్న ఆలోచన మా డైరెక్టరుది. నాకు ఇష్టం లేదు. ఒక ఆదివారం పోతుందనుకున్నాను. మెట్టుగూడలో ఒక చిన్న ఫంక్షన్ హాలు తీసుకున్నారు. వేదిక మీద మాకు కుర్చీలు, కింద వాళ్లకు. నేను నలభై స్లైడ్లు తయారు చేసుకుని వెళ్లాను.

మాస్టర్ గారు ఆ ఎర్ర కోటులో వచ్చారు. నెత్తిన తురాయి టోపీ కూడా. మిగిలినవాళ్లంతా ఆసుపత్రికి వచ్చినట్టు ముడుచుకుని కూర్చుంటే ఈయన పెళ్లివారి విడిదికి వచ్చినట్టు అందరినీ పలకరిస్తూ తిరిగారు. కోటుకు ఉన్న ఇత్తడి గుండీల్లో పైది ఒకటి పెట్టకుండా ఉంది. ఆయన భార్య దాన్ని పెట్టబోతే వద్దని చేయి అడ్డం పెట్టారు. ఎందుకో నాకు తర్వాత తెలిసింది. ఆ ఒక్క గుండీని ఆయన ప్రతిరోజూ స్వయంగా పెట్టుకోవడానికి ప్రయత్నించేవారు. అయిన రోజు అయ్యేది, కాని రోజు అలాగే ఉండేది. మిగిలిన ఆరు గుండీలూ ఆమె పెట్టేది.

నా స్లైడ్లు అయ్యాయి. తెలుగులోనే చెప్పాను. 'పరిధీయ నాడీ క్షీణత' అన్న మాట కనీసం ఇరవైసార్లు వాడి ఉంటాను. ప్రశ్నలు ఉన్నాయా అని అడిగాను. మాస్టర్ గారు లేచారు.

"మేడమ్, మీరు మంచిగ చెప్పిన్రు. గా నాడీ క్షీణత అనేది ఎవరికొచ్చింది?"

మీకేనండీ, మీ వేళ్లు మొద్దుబారడమే అన్నాను. ఆయన వెనక్కి తిరిగి హాలు వైపు చూసి, మన గురించేనట అని చెప్పారు. అందరూ నవ్వారు. నాకు చెంపలు వేడెక్కాయి. ఆయన మాత్రం నన్ను ఆటపట్టించడానికి అనలేదు. మమ్మల్ని వేదిక మీంచి కిందికి రమ్మని పిలిచి, కుర్చీలన్నీ గుండ్రంగా వేయించారు. బ్యాండులో ఒకరి మొహం ఒకరికి కనపడకపోతే తాళం తప్పుతుందని, ఇదీ అంతేనని చెప్పారు. ఆ రోజు మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాం. నా స్లైడ్ల గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వెళ్లేముందు మా పరీక్షల్లో పాల్గొంటామని పేర్లిచ్చినవాళ్లలో ఆయనదే మొదటి పేరు.

మా పరీక్షల్లో ఒకటి చాలా పాతది. శ్రుతిదండాన్ని, అంటే ట్యూనింగ్ ఫోర్కును కొట్టి, అది అదురుతుండగా దాని పిడిని కాలి బొటనవేలి ఎముక మీద పెడతాం. అదురు తెలుస్తోందా, ఎప్పుడు ఆగింది అని అడుగుతాం. నరం బాగుంటే చాలాసేపు తెలుస్తుంది. ఆయన ల్యాబ్‌కు వచ్చి చెప్పులు విడిచి కూర్చున్నారు. నేనే పెట్టాను. ఉంది, ఉంది, ఉంది అంటూ పోయి, సరిగ్గా ఆగే క్షణంలో ఆగిందన్నారు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ గడియారం పెట్టినట్టు చెప్పారు. నాకు సంబరమేసింది. మీ నరాలు మేం అనుకున్నదానికంటే చాలా బాగున్నాయండీ అన్నాను.

ఆయన కాసేపు తన కాలి వంక చూసుకున్నారు. మెడలో ఉన్న మఫ్లరు తీసి చెవులకు చుట్టుకుని, ఇంకోసారి పెట్టమని సైగ చేశారు. పెట్టాను. ఏమీ అనలేదు. నా మొహం వంక ఎదురుచూస్తున్నట్టు చూస్తున్నారు. పెట్టారా అన్నట్టు కనుబొమలు ఎగరేశారు. దండం ఆయన వేలి మీద అదురుతూనే ఉంది.

మఫ్లరు విప్పాక చెప్పారు.

"కాలితోని చెప్పలే మేడమ్. చెవితోని చెప్పిన. మీ దండం మా క్లారినెట్ ఆఖరి స్వరం కన్న జెర కిందికి పలుకుతున్నది. ఆగేదాంక ఇనపడుతనే ఉన్నది."

గదిలో ఏసీ మోతకు ఆ చప్పుడు నాకు వినపడనే లేదు. ఎందుకలా చెప్పారండీ అని అడిగాను. గొంతులో కోపం దాచుకోలేకపోయానేమో, ఆయన కుర్చీలో కొంచెం వెనక్కి జరిగారు. ముందు మీరు అంత ఆశగా చూస్తుంటే కాదనబుద్ధి కాలేదన్నారు. తర్వాత తల దించుకుని అసలు సంగతి చెప్పారు. మందు ఎక్కించుకుంటున్న రోజుల్లో డాక్టరు ప్రతిసారీ తిమ్మిర్లున్నాయా అని అడిగేవాడట. ఈయన ప్రతిసారీ లేవని చెప్పేవారట. ఉన్నాయంటే మందు తగ్గిస్తారని, తగ్గిస్తే క్యాన్సర్ తిరగబెడుతుందని భయం. అలవాటైపోయింది. ఎవరు అడిగినా బాగున్నాననే నోటికి వస్తుంది.

"గిది నేనొక్కణ్ణే అనుకుంటున్నరా? మావోళ్లందరు గిట్లనే చెప్తరు."

నేను లెక్కేసుకున్నాను. ఏడాదిన్నరగా మేం పోగేసిన జవాబులన్నీ అలమారాలో ఉన్నాయి. వాటి ఆధారంగా రాస్తున్న వ్యాసం సగం పూర్తయింది. అందులో ఎన్ని నిజమైనవి? ఆయనకు నా మొహం చూసి జాలేసినట్టుంది. వాతావరణం తేలిక చేద్దామని ఎలుకలను చూపించమన్నారు. చూపించాను. ఎలుకకు మొద్దుబారిందని మీకెట్ల తెలుస్తది అని అడిగారు. వెచ్చని పలక మీద పెడితే మామూలు ఎలుక వెంటనే కాలు ఎత్తుతుంది, మొద్దుబారిన ఎలుక ఆలస్యంగా ఎత్తుతుంది అని చెప్పాను.

ఆయన ఒక ఎలుకను చాలాసేపు తదేకంగా చూశారు.

"ఇది అబద్ధం చెప్పది. మేం చెప్తం. గదే మీ తక్లీఫ్."

ఆ రోజు ఇంటికి వెళ్తూ తిట్టుకున్నది ఆయన్ని కాదు, నన్నే. మధ్యమధ్య దండాన్ని కొట్టకుండా ఊరికే పెట్టి చూడాలని, అప్పుడు కూడా ఉంది అన్నవాళ్ల జవాబు నమ్మకూడదని మేం విద్యార్థులకు మొదటి నెలలోనే నేర్పుతాం. తొందరలో మేమే మానేశాం. మర్నాడు మాస్టర్ గారు ఫోన్ చేసి, ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టినట్టు సరిగ్గా ఆ మాటే చెప్పారు. ఒక్కోసారి కొట్టకుండ పెట్టుండ్రి మేడమ్, ఎవరు అబద్ధమాడుతున్నరో దొరికిపోతరు అని. నాకు తెలుసని చెప్పడానికి నోరు రాలేదు. చాలా మంచి ఉపాయమండీ అన్నాను.

తర్వాతి సమావేశానికి ఆసుపత్రి నుంచి క్యాన్సర్ డాక్టరు గారు కూడా వచ్చారు. ఆ గదిలో సగం మందికి వైద్యం చేసింది ఆయనే. గుండ్రంగా వేసిన కుర్చీల మధ్యలో మాస్టర్ గారు నిలబడ్డారు. ఆ రోజు పై గుండీ పెట్టే ఉంది. తన సంగతి తాను చెప్పుకున్నారు, మఫ్లరు సంగతితో సహా. అప్పుడు, డాక్టరు అడిగితే బాగున్నానని అబద్ధం చెప్పినవాళ్లు చేతులెత్తమన్నారు. తనదే ముందు ఎత్తారు.

అందరూ పక్కవాళ్ల వంక చూశారు. వాళ్లలో ముందుగా ఎత్తింది యాదమ్మ. బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఉల్లిగడ్డలు అమ్మే మనిషి, రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడింది. ఆమె చేయి లేవగానే ఆ పక్కన ఒకటి, ఈ పక్కన ఒకటి. చివరికి కిందున్న చేతులను లెక్కపెట్టడమే తేలికైంది. డాక్టరు గారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. నాకెందుకు చెప్పలేదమ్మా అని యాదమ్మను అడిగారు, చాలా మెల్లగా.

"బతుకుడు కావాలె గద సారూ. వేళ్లదేమున్నది అనుకున్న. మొన్న పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలింది. కాలిన వాసనొచ్చినంక తెలిసింది."

డాక్టరు గారు ఆమెను తప్పుపట్టలేదు. ముందే తెలిస్తే మోతాదు మార్చే వీలుంటుందని, మార్చిన ప్రతిసారీ జబ్బు తిరగబెడుతుందని లేదని, ఇద్దరూ కలిసి ఆలోచించి నిర్ణయించుకోవాల్సిన విషయమని చెప్పారు. ఈ మాటలు మందు మొదలుపెట్టిన రోజే చెప్పి ఉండాల్సిందని, హడావిడిలో చెప్పలేదని ఒప్పుకున్నారు. గదిలో ఒక బరువు దిగినట్టయింది. ఎవరో టీ అడిగారు.

సగం రాసిన వ్యాసాన్ని పక్కన పెట్టేశాను. మా పైఅధికారికి అది నచ్చలేదు. ఏడాదిన్నర పని ఒక బ్యాండ్ మాస్టరు మాట మీద పారేస్తామా అన్నారు. మాస్టర్ గారిని ఆయన గదికి తీసుకెళ్లాను. పావుగంటలో మఫ్లరు పైఅధికారి చెవులకు ఉంది, దండం నా చేతిలో ఉంది. మఫ్లరు ఉంటే వినపడని దండం అది తీయగానే వినపడేసరికి, ఆయనకు సంగతి అర్థమై అనుమతి వచ్చింది.

పరీక్షించినవాళ్లందరినీ మళ్లీ పిలవాలి. మేం ఫోన్ చేస్తే కుదరదన్నారు చాలామంది. మాస్టర్ గారు, యాదమ్మ కలిసి చేస్తే వచ్చారు. వచ్చినవాళ్లను గుమ్మంలోనే కూర్చోబెట్టి ఆయన ఒకటే చెప్పేవారు. ఇది వేరే రకం పరీక్ష, ఇక్కడ ఫెయిలైతేనే పాసైనట్టు, సిగ్గుపడకండి అని.

ఫారాన్ని కూడా కొత్తగా రాయాలన్నారు. నెలకు రెండు ఆదివారాలు ఆయన దుకాణంలోనే, ఎర్ర కోట్ల కింద చాప వేసుకుని కూర్చునేవాళ్లం. మేం రాసిన ప్రతి వాక్యాన్నీ ఆయన పైకి చదివేవారు. క్లారినెట్ ఊదిన మనిషి, ఒక ఊపిరికి ఎంత పాట పడుతుందో తెలుసు. వాక్యం ఆయన ఊపిరి దాటితే చదవడం ఆపి చేత్తో కత్తెరలా సైగ చేసేవారు. కొయ్యి అని. మా వాక్యాలు రోజురోజుకూ చిన్నవయ్యాయి. 'మీ పాదాలలో స్పర్శా లోపమును అనుభవించుచున్నారా' అన్నది ఆయన నోట్లో పడి మూడు ముక్కలై, చివరికి యాదమ్మ చేతిలో 'నడుస్తుంటే చెప్పు జారిపోతే మీకు తెలుస్తుందా' అయింది. గుండీ పెట్టుకోగలరా, టీ గ్లాసు వేడి చేతికి తెలుస్తుందా, చీకట్లో తాళంచెవి రంధ్రంలో పెట్టగలరా అన్నవి కూడా అలా వచ్చినవే. తిమ్మిరి అనే మాట మీద మాత్రం ఒక పూటంతా తగువులాడుకున్నారు. కూర్చుని లేస్తే వచ్చేది తిమ్మిరి, ఇది తిమ్మిరి కాదు అని యాదమ్మ. మరేమిటి అని నేను. కాళ్లకు ఎవరో గుడ్డ చుట్టినట్టుంటుందని ఆమె. అదే రాసుకున్నాను. చదువుకున్న రోగులకు నాసిగా అనిపిస్తుందేమోనని సందేహించాను కానీ, తర్వాత ఒక కాలేజీ ప్రొఫెసరు ఆ వాక్యం దగ్గరే పెన్ను ఆపి, నాకు ఇన్నాళ్లూ చెప్పడానికి మాట దొరకలేదు అన్నారు.

పాత జవాబులకూ కొత్త జవాబులకూ పోలిక లేదు. వ్యాసం మొదటినుంచీ మళ్లీ రాశాం. పత్రికకు పంపకముందే తమకు చెప్పాలని మాస్టర్ గారు షరతు పెట్టారు. అలాగే చేశాం, అదే ఫంక్షన్ హాలులో, మూడే స్లైడ్లతో. ఇప్పుడు డాక్టరు గారి ఆసుపత్రిలో మందు ఎక్కించే ప్రతిసారీ ముందు ఆ ఫారం ఇస్తున్నారు. కొందరికి మోతాదు మార్చారు, కొందరికి మందే మార్చారు. వాళ్ల వేళ్లు వాళ్లకున్నాయి.

ఆయన వేళ్లు ఆయనకు తిరిగి రాలేదు. ఒక ఆదివారం అందరూ వెళ్లాక అడిగారు, మీ పరిశోధనతో నా చేతులు బాగయ్యే వీలుందా అని. లేదని చెప్పాను. ఆయన నా వంక చూసి, "నిజం చెప్పినవ్ బిడ్డా" అన్నారు. అప్పటిదాకా మేడమ్‌ని. ఆ రోజు నుంచి బిడ్డనయ్యాను.

క్లారినెట్‌ను ఆయన తన శిష్యుడికిచ్చారు. వారం తిరక్కుండా అదే బ్యాండులో పెద్ద డ్రమ్ము తగిలించుకున్నారు. ముప్పై ఏళ్లు ముందు నడిచి ఇప్పుడు ఆఖరి వరసలోకి వచ్చారు. బాధగా లేదా అని అడిగితే, ముందు నడిచినన్నాళ్లూ తన బ్యాండు ఎలా ఉంటుందో తాను చూడలేదని, ఇప్పుడే చూస్తున్నానని అన్నారు.

మేం ఆయన్ని చివరిసారి చూసింది బొల్లారంలో, యాదమ్మ అన్న కొడుకు పెళ్లిలో. తమవాళ్లు మా ల్యాబ్‌కు అన్నిసార్లు వచ్చారు, మేం మాత్రం వాళ్ల పని చూడటానికి ఒక్కసారీ రాలేదని దెప్పి మరీ పిలిచారు. సాయంత్రం, ఇంకా వెలుతురుంది. ల్యాబ్ నుంచి ముగ్గురం, డాక్టరు గారు. డాక్టరు గారి చేతికి వాయించమని ఇత్తడి తాళాలు ఇచ్చారు. పెళ్లికొడుకు గుర్రమెక్కేలోపే ఆయన లయ తప్పారు. యాదమ్మ ఆ తాళాలు లాక్కుని తానే వాయిస్తూ ముందుకు వెళ్లిపోయింది. పాట ఊపందుకుంది. నేను వెనక వరసలో మాస్టర్ గారి పక్కన నడుస్తున్నాను.

ఆయన కొట్టడం ఆపకుండానే నా చేయి డ్రమ్ము తోలు మీద పెట్టమన్నారు. ఏం తెలుస్తున్నదని అడిగారు. అదురుతోందని చెప్పాను. తన చేతికి తెలియడం లేదని మామూలుగా అన్నారు. డ్రమ్మును పొట్టకు మరింత దగ్గరగా లాక్కుని మళ్లీ ఒక దెబ్బ వేశారు.

"గీ కడుపుకు తెలుస్తున్నది. కోసి కుట్టిన కడుపు గద, మొత్తం తెలుస్తున్నది. బిడ్డా, మీ ఫారంల ఏమేం పోయిందో అడిగిన్రు. ఏం మిగిలిందని ఒక్క ప్రశ్న సుత లేదు. రాసుకో."

రాసుకోవడానికి నా దగ్గర కాగితం లేదు. డాక్టరు గారి జేబులోంచి పెన్ను తీసుకుని శుభలేఖ వెనక రాసుకున్నాను.

ఇప్పుడు మా ఫారంలో ఆఖరి ప్రశ్న అదే. జవాబుకు రెండు గీతలు వదిలాం. అవి ఎవరికీ సరిపోవడం లేదు. కాగితం తిప్పి వెనక రాస్తున్నారు.